తుపానుకి పడిన చెట్టు, చేతిలో చైన్ సా: ఉద్దానం నుంచి భోగాపురం దాకా తోట రైతులకి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు తోటల్లో కొబ్బరి, జీడి, పనస ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విజయనగరం తీరం వైపు తోటలు కూడా అలాగే పడుకున్నాయి. అలాంటి రోజుల్లో ఊరూరా చైన్ సా చప్పుడే. అప్పటిదాకా మిషన్ పట్టని చెయ్యి కూడా పడుతుంది, ఎందుకంటే దారి తెరుచుకోవాలి, ఇంటి మీద పడినదాన్ని తీయాలి, తోట ఖాళీ చేసి మళ్లీ మొక్క పెట్టుకోవాలి.

నిలబడి ఉన్న చెట్టు ఎటు ఒరిగిందో కంటికి కనిపిస్తుంది. పడిన చెట్టు అలా కాదు. మాను ఎక్కడో వంగి ఉంటుంది, కొమ్మ ఇంకో చెట్టు కింద నలిగి ఉంటుంది, వేళ్ల గడ్డ సగం లేచి ఆగి ఉంటుంది. ఆ వంపుల్లో బిగువు దాక్కుని ఉంటుంది. చైన్ తగలగానే అది ఒక్కసారిగా విడుదలవుతుంది. అందుకే మిషన్ స్టార్ట్ చేసే ముందు చెట్టు చుట్టూ తిరిగి ఆ బిగువు ఎక్కడుందో చూసుకోవాలి.

ఒంటి మీద ఏముండాలి

లుంగీతో, మెడలో తువ్వాలుతో, కాళ్లకి హవాయి చెప్పులతో మిషన్ పట్టుకోవద్దు. వేగం మీట పూర్తిగా నొక్కితే, అంటే ఫుల్ థ్రాటిల్‌లో చైన్ సెకనుకి దాదాపు 20 మీటర్లు పరిగెడుతుంది. తువ్వాలు కొస దానికి చిక్కిందంటే మెడ వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు.

తలకి హెల్మెట్, దానికి జాలీ ముసుగు, చెవులకి మఫ్‌లు కావాలి. మిషన్ చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది, చెవులు మూసుకోకుండా రోజూ వాడేవాళ్లకి మెల్లమెల్లగా చెవుడు మొదలవుతుంది. కొబ్బరి తోటలో హెల్మెట్ ఇంకో కారణానికి కూడా కావాలి. చెట్టు మొదట్లో మిషన్ పెట్టి అదరగొడితే మొవ్వు దగ్గరి ఎండు మట్టలు, వేలాడుతున్న కాయలు పైనుంచి రాలతాయి.

వీటన్నిటికంటే ఎక్కువగా పట్టించుకోవాల్సినవి చాప్స్. తొడల నుంచి పాదాల దాకా ముందువైపు కట్టుకునే మందపాటి కవచం ఇది. లోపల పొరలు పొరలుగా గట్టి దారం ఉంటుంది. చైన్ తగలగానే ఆ దారం బయటికి లాక్కుని వచ్చి, చైన్‌ని తిప్పే పళ్ల చక్రం స్ప్రాకెట్‌లో చుట్టుకుని చైన్‌ని ఆపేస్తుంది. మన ఉక్కకి వీటిని కట్టుకోవడం కష్టమే, ఆ మాట నిజం. అందుకే చాప్స్ విప్పేయకుండా పని వేళ మార్చుకోండి: పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టి పదికి ఆపండి, గంటకోసారి ఉప్పు మజ్జిగ తాగండి. కాళ్లకి బూట్లు, చేతులకి వేళ్లు కదిలే గ్లోవ్స్. పని చేసేది ఇద్దరు. ఒంటరిగా వద్దు. రెండోవాడి దగ్గర ఛార్జింగ్ ఉన్న ఫోను, శుభ్రమైన మందపాటి గుడ్డ ఉండాలి. కోత పడితే ఆ గుడ్డని గాయం మీద పెట్టి బలంగా నొక్కి పట్టాలి, ఎత్తి ఎత్తి చూడకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మిషన్ కొనేటప్పుడు, పట్టుకునే ముందు

జీడి, కొబ్బరి, సరుగుడు కోయడానికి 45 నుంచి 50 సీసీ ఇంజను, 16 లేదా 18 అంగుళాల బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి ఇనప పట్టీ) చాలు. పాత మామిడి, చింత లాంటివి కోయాలంటే 60 సీసీ దగ్గర, 20 అంగుళాల బార్ కావాలి. తక్కువ ధరకి వస్తోందని 22 అంగుళాల బార్ ఉన్న 58 సీసీ మిషన్ కొని జీడి కొమ్మల్లోకి దూర్చేవాళ్లు చాలామంది. బార్ ఎంత పొడవైతే దాని ముక్కు మీ కంటికి కనపడకుండా ఇంకో కొమ్మని తాకే అవకాశం అంత ఎక్కువ. జీడిచెట్టు గుబురులో పొట్టి బార్ మేలు.

ఏ మిషనైనా కొన్ని భాగాలు లేకపోతే, పాడైతే వాడకూడదు. ముందు చేతి కవచమే చైన్ బ్రేక్ మీట కూడా. చైన్ తెగితే పట్టుకునే క్యాచర్ అనే కొక్కెం బార్ మొదట్లో కింద ఉంటుంది. వెనక పిడిలో థ్రాటిల్ లాక్, ఆపే స్విచ్ చూడండి.

చైన్ బ్రేక్‌ని రోజూ పొద్దున్నే రెండు రకాలుగా పరీక్షించాలి. మొదటిది ఇంజను ఆపి. మోడు మీద బార్ ముక్కు అర మీటరు ఎత్తులో ఉండేలా వెనక పిడి పట్టుకుని, ముందు చెయ్యి వదిలేసి ముక్కుని మోడు మీద పడనివ్వండి. ఆ దెబ్బకే బ్రేక్ టక్కున పడాలి. రెండోది ఇంజను నడుస్తుండగా. మిషన్ గట్టి నేల మీద పెట్టి, రెండు చేతులా పట్టి, ఒక్క క్షణం పూర్తి థ్రాటిల్ ఇచ్చి, పిడి వదలకుండా ఎడమ మణికట్టు ముందుకి వంచి కవచాన్ని నెట్టండి. చైన్ అక్కడికక్కడే ఆగాలి. ఆగకుండా ఇంకొంచెం తిరిగిందంటే బ్రేక్ బ్యాండ్ అరిగినట్టో, లోపల పొట్టు, ఆయిలు పేరుకున్నట్టో. బ్రేక్ వేసి ఉండగా థ్రాటిల్ ఎక్కువసేపు నొక్కద్దు, క్లచ్ కాలిపోతుంది.

పెట్రోలు, ఆయిల్

రెండు ఆయిళ్లు వేరు వేరు. ఒకటి పెట్రోల్‌లో కలిపే టూ స్ట్రోక్ ఆయిల్. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో 50:1 అని ఉంటే 5 లీటర్ల పెట్రోలుకి 100 మిల్లీలీటర్లు. 25:1 అని ఉంటే 200. కంటి అంచనాతో పోయకుండా కొలత సీసా పెట్టుకోండి. ఆయిల్ తక్కువైతే పిస్టన్ గీతలు పడి సీజ్ అవుతుంది, ఎక్కువైతే ప్లగ్గు మసి పట్టి మిషన్ మొరాయిస్తుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. మన తీరం తేమకి కలిపిన పెట్రోలు నెల దాటి ఉంచకండి. వారానికి సరిపడా మాత్రమే కలుపుకోండి, పోసే ముందు క్యాన్ బాగా కుదపండి. తాగే నీళ్ల సీసాలో పెట్రోలు ఎప్పుడూ పోయకండి, తోటలో దాహం వేసినవాడు చూడకుండా ఎత్తుతాడు.

రెండోది బార్‌కి, చైన్‌కి వెళ్లే ఆయిల్. చాలామంది ట్రాక్టర్ నుంచి తీసిన నల్ల ఆయిల్ పోస్తారు. అందులో ఇనప రజను ఉంటుంది, జిగట పోయి ఉంటుంది, పంపు మూసుకుపోతుంది, బార్ గాడి అరిగిపోతుంది. చైన్ ఆయిల్ అని అమ్మేదే పోయాలి. పెట్రోలు ట్యాంకు ఒకసారి అయిపోయేసరికి ఆయిల్ ట్యాంకు కూడా దాదాపు అయిపోవాలి. ఆయిల్ ట్యాంకు నిండుగానే ఉందంటే చైన్‌కి ఆయిల్ వెళ్లడం లేదు. బార్ ముక్కుని ఒక మోడుకి చెయ్యెడు దూరంలో పట్టి థ్రాటిల్ ఇవ్వండి, మోడు మీద సన్నని ఆయిల్ చారలు పడాలి.

ఇంజను ఆపి రెండు మూడు నిమిషాలు చల్లారాక పెట్రోలు పోయండి. పక్కన చుట్ట, బీడీ ఉండకూడదు. పోసిన చోటు నుంచి 3 మీటర్లు అవతలికి వెళ్లి స్టార్ట్ చేయండి.

చైన్ బిగువు, పదును

చైన్ కొత్తది వేసేటప్పుడు జరిగే పొరపాటు ఒకటే: తిరగేసి వేయడం. బార్ పైన ఉన్న పళ్ల పదును ముక్కు వైపు చూడాలి. బార్‌ని కూడా చైన్ మార్చిన ప్రతిసారీ కిందది పైకి తిప్పండి, అరుగుదల రెండు వైపులా సమానంగా పడుతుంది.

బిగించేటప్పుడు బార్ ముక్కుని పైకెత్తి పట్టి స్క్రూ తిప్పాలి. చైన్ కింది వైపు బార్‌కి ఆనుకుని ఉండాలి, వేలాడకూడదు. అయినా గ్లోవ్స్ చేత్తో లాగితే తిరగాలి. నట్టు బిగించేదాకా ముక్కు ఎత్తే ఉంచండి. కొత్త చైన్ మొదటి అరగంటలో సాగుతుంది, రెండు మూడు సార్లు చూసుకోవాలి. వేడి మీద బిగించిన చైన్‌ని పని అయ్యాక వదులు చేయకుండా పెడితే చల్లారి కుంచించుకుని క్రాంక్ షాఫ్ట్ బేరింగ్ మీద భారం వేస్తుంది.

పదును గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మొద్దు చైన్‌తో కోసేవాడే మిషన్ మీద బరువు వేసి నొక్కుతాడు, నొక్కినవాడే మాను తెగగానే ముందుకి తూలుతాడు. కోత దగ్గర రాలేది చూడండి. పదునైన చైన్ చిన్న చిన్న పేళ్లు విసురుతుంది. మొద్దుబారితే పిండి రాలుతుంది. కొబ్బరిలోనైతే పొడుగాటి పీచు రాకుండా పొడిపొడిగా వస్తుంది. ఇంకో గుర్తు: పంటిని ఎండకి తిప్పి అంచు చూడండి. మొద్దుబారిన అంచు మీద వెంట్రుకంత తెల్ల గీత మెరుస్తుంది. పదునున్న అంచుకి మెరుపు కనపడదు. ఆకురాయి ఆ తెల్ల గీత మాయమయ్యేదాకా ఆడాలి, అంతకు మించి అక్కర్లేదు.

ఆకురాయి గుండ్రంది, లింకుల ఎడం, అంటే చైన్ పిచ్‌ని బట్టి ఎన్నుకోవాలి. చిన్న మిషన్ల 3/8 అంగుళాల లో-ప్రొఫైల్ (పొట్టి పళ్ల) చైన్‌కి 4 మిల్లీమీటర్లు, .325 చైన్‌కి 4.8, పెద్ద 3/8కి 5.2 లేదా 5.5. మోడుకి ఒక గంటు పెట్టి అందులో బార్‌ని కదలకుండా కూర్చోబెట్టండి. పంటి మీద గీసి ఉండే వాలు గీతని పట్టుకుని, చాలా చైన్లకి అది 30 డిగ్రీలు, పంటి లోపలి నుంచి బయటికి ఒకే వైపు తోయండి. వెనక్కి తీసేటప్పుడు ఆకురాయి పంటికి తగలకూడదు. అన్నిటికంటే అరిగిన పన్ను ఏదో చూసి దానితో మొదలుపెట్టండి, మిగతావన్నీ దాని పొడవుకి తేవాలి. ఒక్కోదానికి మూడు నాలుగు తోపులు, అన్నిటికీ ఒకే లెక్క. ఒక వైపు పళ్లు పొడవు, రెండో వైపు పొట్టి అయితే కోత వంకరగా పోయి బార్ బిగుసుకుంటుంది.

పంటి ముందు చిన్న గుబ్బ ఉంటుంది, పన్ను ఎంత లోతుకి కొరకాలో అదే నిర్ణయిస్తుంది. పన్ను అరిగేకొద్దీ దీన్ని కూడా తగ్గించాలి, పంటికి 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండేలా గేజ్ పెట్టి చదును ఆకురాయితో. గేజ్ లేకుండా చేత్తో ఎక్కువ రాకేస్తే పన్ను మానుని పెళ్లగించినట్టు కొరుకుతుంది, మిషన్ చేతుల్లో ఎగురుతుంది. పన్ను 4 మిల్లీమీటర్లకి అరిగిందంటే ఆ చైన్ పని అయిపోయింది.

మన తీరంలో పదుని తినేసేది ఇసుక. ఉద్దానం తోటల్లో మాను ఇసుక నేల మీదే పడుకుని ఉంటుంది. కోసే చోట బెరడు మీది ఇసుకని కత్తితో గీకి, చీపురుతో దులపండి. మాను కిందికి చైన్ దిగి ఒక్క క్షణం ఇసుకని తాకితే గంటసేపు పెట్టిన పదును పోయినట్టే. మాను పూర్తిగా నేల మీద ఆని ఉంటే ముప్పాతిక వంతు కోసి ఆపండి, గునపంతో దుంగని దొర్లించి మిగతాది పైనుంచి కోయండి. పాత కొబ్బరి మానుకి ఎలుకలు ఎక్కకుండా కొట్టిన రేకు మేకులు, బట్టల తీగ కొక్కేలు ఉంటాయేమో చూసుకోండి.

స్టార్ట్ చేయడం, పట్టుకోవడం

గాల్లో మిషన్ వదులుతూ తాడు లాగడం వద్దు. నేల మీద పెట్టి, చైన్ బ్రేక్ వేసి, ఎడమ చేత్తో ముందు పిడి గట్టిగా నొక్కి, కుడి పాదం మొన వెనక పిడిలో దూర్చి, కుడి చేత్తో తాడు లాగాలి. చల్లగా ఉంటే చోక్ వేసి లాగండి, ఒకసారి దగ్గినట్టు ఆగగానే చోక్ తీసి మళ్లీ లాగండి. దగ్గిన తర్వాత కూడా చోక్‌లోనే లాగుతూ ఉంటే ప్లగ్గు తడిసిపోతుంది. థ్రాటిల్ వదిలినప్పుడు చైన్ ఆగి ఉండాలి. నెమ్మదిగానైనా తిరుగుతోందంటే ఐడిల్ స్క్రూ తగ్గించేదాకా పనికి దిగొద్దు.

ఎడమ చెయ్యి ముందు పిడి మీద, బొటనవేలు పిడి చుట్టూ తిరిగి ఉండాలి. బొటనవేలిని మిగతా వేళ్ల పక్కన పెట్టే అలవాటు చాలామందికి ఉంది, కిక్‌బ్యాక్ వచ్చినప్పుడు జారేది ఆ చెయ్యే. కిక్‌బ్యాక్ అంటే: బార్ కుడివైపు చూస్తున్నట్టు పెట్టి దాని ముక్కుని గడియారం అనుకుంటే 12కి 3కి మధ్య ఉన్న భాగం దేనికైనా తగిలితే, పళ్లు కోయలేక చిక్కుకుని, మిషన్ మొత్తం మీ ముఖం వైపు పైకి ఎగురుతుంది. రెప్ప వేసే లోపు అయిపోతుంది. చైన్ బ్రేక్ ఉన్నది దీనికే. ముక్కుతో పొడవడం, భుజం కంటే ఎత్తులో కోయడం, నిచ్చెనెక్కి కోయడం వద్దు. మీ తల, మెడ బార్ గీతకి నేరుగా కాక పక్కకి ఉండాలి. చెట్టెక్కి మిషన్‌తో కోయడం తాడు, బెల్టు, శిక్షణ ఉన్నవాళ్ల పని, ఈ వ్యాసంలో దాని జోలికి పోవడం లేదు.

బార్ కింది వైపుతో కోస్తే మిషన్ మిమ్మల్ని మాను వైపు లాగుతుంది. పై వైపుతో కింది నుంచి పైకి కోస్తే మీ వైపు నెడుతుంది. తొడ కొంచెం ముందుకి పెట్టి, మోచెయ్యి ఒంటికి ఆనించి ఆ నెట్టుడు తట్టుకోవాలి. రెండడుగులకు మించి నడవాలంటే బ్రేక్ వేయండి. ఇంకో చెట్టు దాకా వెళ్లాలంటే ఇంజను ఆపి, బార్ వెనక్కి ఉండేలా పట్టుకుని నడవండి. సాయం చేసేవాడు 5 మీటర్ల అవతల, మీ కంటికి ఎదురుగా ఉండాలి. మఫ్‌లు పెట్టుకున్నవాడికి వెనక నుంచి పిలుపు వినపడదు.

కోసే ముందు చూడాల్సినవి

మొదటిది కరెంటు తీగ. తీగ మీద పడిన చెట్టునైనా, చెట్టు కింద ఎక్కడో తీగ ఉందన్న అనుమానం ఉన్నదాన్నైనా ముట్టుకోవద్దు. ఊళ్లో కరెంటు లేదు కదా అనే ధైర్యం పనికిరాదు, ఎవరో ఇంట్లో జనరేటర్ పెడితే తీగలోకి వెనక నుంచి కరెంటు ఎక్కుతుంది. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి చెప్పి, లైన్‌మన్ వచ్చి లైను తీసి, సరే అన్నాకే.

రెండోది ఫోటోలు. నష్టం రాసుకునేవాళ్లు రాకముందే మాను ముక్కలైపోతే చెట్ల లెక్క చెప్పడం కష్టం. తేదీ కనిపించేలా చెట్టు మొదలు, తల తీసి పెట్టుకోండి. మూడోది, అసలు కోయాలా? మొవ్వు బాగుండి, వేళ్లు సగం భూమిలోనే ఉన్న చిన్న కొబ్బరి చెట్టుని నిలబెట్టి, మట్టి కప్పి, ఊతం కడితే నిలదొక్కుకోవచ్చు. దాన్ని కోస్తే మళ్లీ కాపుకి ఏళ్లు పడుతుంది. నిలబడి ఉన్న చెట్టు కొట్టాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, మీ అటవీ రేంజ్ ఆఫీసులో అడిగి మొదలుపెట్టండి.

వంపులో దాగిన బిగువు

ఒక పచ్చి కొమ్మని రెండు చేతులా వంచి చూడండి. వంపు లోపలి వైపు బెరడు ముడతలు పడుతుంది, అది నొక్కుడు వైపు. బయటి వైపు సాగి బిగుసుకుంటుంది, అది సాగుడు వైపు. మొదటి కోత ఎప్పుడూ నొక్కుడు వైపు, మూడో వంతు మించకుండా. తర్వాత సాగుడు వైపు నుంచి మొదటి కోతని కలిసేదాకా. తిరగేసి చేస్తే, అంటే సాగుడు వైపే ముందు కోస్తే, సగానికి రాకముందే మాను నిలువునా చీలి మీ మీదికి తన్నుతుంది.

మాను రెండు చివరలూ ఆని, మధ్య గాల్లో ఉందనుకోండి. మధ్య కిందికి కుంగుతుంది కాబట్టి పైన నొక్కుడు, కింద సాగుడు. పైనుంచి మూడో వంతు, తర్వాత కింది నుంచి పైకి. ఒక చివర ఆని, రెండో చివర గాల్లో వేలాడుతుంటే లెక్క తిరగబడుతుంది: కింది నుంచి మూడో వంతు, తర్వాత పైనుంచి.

మాను పక్కకి విల్లులా వంగి రెండు చెట్ల మధ్య ఇరుక్కుని ఉంటే ఎక్కువమంది తప్పు వైపు నిలబడతారు. తెగగానే మాను వంపు బయటికి ఎగురుతుంది. కాబట్టి ఎప్పుడూ వంపు లోపలి వైపు నిలబడండి, మొదటి కోత కూడా ఆ వైపే.

కోత నోరు చూస్తూ ఉండండి. అది కొంచెం మూసుకోవడం మొదలవగానే బార్ బయటికి తీయండి. ఆ చోటు నొక్కుడు వైపే, మీ అంచనా సరైందే, ఇక రెండో వైపు నుంచి రండి. నోరు గబగబా తెరుచుకుంటోందంటే మీరు సాగుడు వైపు ఉన్నారు, ఆగి మళ్లీ చూడండి. కోతలో ప్లాస్టిక్ చీల (ఒక కొస పలచగా ఉండే దిమ్మ) కొట్టి పెడితే బార్ బిగుసుకోదు. ఇనప చీల వద్దు, చైన్ తగిలితే పళ్లు ఎగురుతాయి. అయినా బార్ బిగుసుకుంటే గుంజొద్దు. ఇంజను ఆపి, గునపంతో దుంగని ఎత్తి లేదా చీల కొట్టి తీయండి.

బిగువు బాగా ఎక్కువగా ఉన్న సన్న మాను, ముఖ్యంగా ఇంకో చెట్టు కింద తల చిక్కి విల్లులా లేచిన సరుగుడు, ఒక్క కోతతో తెంచకూడదు. వంపు బాగా ఉన్నచోట లోపలి వైపు పలచగా, బెత్తెడు ఎడంతో నాలుగైదు గీతలు కోయండి. ఒక్కో గీతకి కొంచెం కొంచెం బిగువు వదులుతుంది, మాను మెల్లగా కుంగుతుంది.

వేళ్ల గడ్డ

మామిడి, జీడి, పనస వేళ్లతో సహా లేచిపోతే ఆ మట్టి గడ్డ గోడలా నిలబడి ఉంటుంది. మాను బరువే దాన్ని పట్టి ఉంచుతోంది. మొదలు కోయగానే గడ్డ తిరిగి గొయ్యిలోకి చప్పున పడొచ్చు, లేదా మీ వైపు ఒరగొచ్చు. గొయ్యి దగ్గర పిల్లలు లేరని, గడ్డ చాటున మేక కూడా లేదని చూశాకే థ్రాటిల్ నొక్కండి. మొదలు నుంచి కనీసం మీటరున్నర మాను గడ్డకే వదిలేయండి. గడ్డని తాడుతో వెనక ఇంకో చెట్టుకి కట్టి కోయడం ఇంకా మంచిది. పక్క నుంచి కోయాలి, గడ్డ ముందుకి వచ్చే దారిలో నిలబడకూడదు. ఇంకో చెట్టు మీద ఒరిగి ఆగిన చెట్టు కింద ఎప్పుడూ నడవొద్దు, ఆనిన చెట్టుని కోసి రెండూ దించే ప్రయత్నం చేయొద్దు. తాడుతో ట్రాక్టరు కట్టి, దూరం నుంచి మొదలుని పక్కకి లాగి దించాలి.

కొమ్మలు, కొబ్బరి

కొమ్మలు నరికేటప్పుడు మొదలు నుంచి తల వైపు నడవండి, మాను మీకూ కొమ్మకీ మధ్య ఉండాలి. మాను బరువుని మోస్తున్న కింది కొమ్మల్ని ఆఖరికి ఒగ్గేయండి. జీడిచెట్టుకి ఇలాంటివే ఎక్కువ, ఒకటి తెగగానే మాను మీ కాళ్ల మీదికి దొర్లుతుంది. పనస పాలు చైన్‌కి జిగురులా పట్టేస్తాయి, ట్యాంకు అయినప్పుడల్లా ఇంజను ఆపి కిరోసిన్ గుడ్డతో తుడవండి.

కొబ్బరి మామిడిలాంటి కలప కాదు. గట్టిదనమంతా బయటి చుట్టులో ఉంటుంది, మధ్య మెత్తగా, పీచుగా ఉంటుంది. అందుకే బార్ మధ్యకి దిగగానే ఒక్కసారి జారినట్టు వేగం పుంజుకుంటుంది, అక్కడ చేతులు బిగించాలి. పీచు స్ప్రాకెట్ కవరు లోపల కట్టలు కట్టుకుంటుంది, రెండు మూడు చెట్లకోసారి ఇంజను ఆపి కవరు తీసి లాగేయాలి.

ఒరిగి నిలిచిన కొబ్బరిని పడగొట్టాల్సి వస్తే ముందు గొడ్డలి మడమతో మానుని మొదలు నుంచి ఛాతీ ఎత్తు దాకా కొట్టి వినండి. డొల్ల చప్పుడు వచ్చిందంటే ఎర్ర ముక్కు పురుగో, మొదలు కుళ్లో లోపల తినేసింది. మొదట్లో ఎర్రటి గోధుమరంగు రసం కారిన మరకలు ఉంటే గానోడెర్మా (మొదలు కుళ్లు తెగులు) అయి ఉండొచ్చు. అలాంటి మానులో కీలు (చెట్టు ఒరిగే వైపుని పట్టి ఉంచేలా కోయకుండా వదిలే పట్టీ) నిలవదు, తాడు కట్టకుండా ముట్టుకోవద్దు.

బాగున్న మానుకి: పడాల్సిన వైపు నుంచి వెనక్కి రెండు పక్కలా 45 డిగ్రీల దారి శుభ్రం చేసుకోండి. చెట్టు పొడవుకి రెండింతల దూరంలో ఎవరూ ఉండకూడదు. పడే వైపు మాను వ్యాసంలో నాలుగో వంతు లోతు గంటు కోయండి, పై కోత ఏటవాలుగా 45 డిగ్రీల పైన, కింది కోత అడ్డంగా. వెనక కోత గంటు కింది గీతకి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున. మధ్యలో వ్యాసంలో పదో వంతు కీలు మిగలాలి, 30 సెంటీమీటర్ల మానుకి 3 సెంటీమీటర్లు, రెండు అంచుల దగ్గర ఒకే మందంతో. కొబ్బరిలో బలం ఆ రెండు అంచుల్లోనే ఉంది కాబట్టి ఒక అంచు ఎక్కువ తెగితే చెట్టు ఇంకో వైపు తిరిగిపోతుంది. కీలుని ఎప్పుడూ పూర్తిగా కోయొద్దు. మాను కదలగానే మిషన్ తీసి, తల వైపు చూస్తూ మీ దారిన వెనక్కి వెళ్లండి.

ఇంటి పైకప్పు మీద పడిన కొబ్బరిని కప్పు మీద నిలబడి కోయొద్దు. క్రేన్ కట్టి బరువు పట్టాకే ముక్కలు చేయాలి.

సాయంత్రం ఎయిర్ ఫిల్టర్ దులిపి, బార్ గాడిలోని మడ్డిని సన్నని పుల్లతో గీకి, బార్ మీది ఆయిల్ కన్నం మూసుకుపోలేదని చూసి, చైన్ వదులు చేసి, బార్‌కి తొడుగు వేసి పెట్టండి. వారం దాటి వాడనప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, కార్బ్యురేటర్‌లో ఉన్నది అయిపోయి ఇంజను తనంతట ఆగేదాకా ఐడిల్‌లో వదిలేయండి. మర్నాడు పొద్దున్న మొదటి ట్యాంకు పోసే ముందు చైన్ మళ్లీ బిగించి, బ్రేక్ పరీక్ష రెండూ చేసి తోటలోకి వెళ్లండి.